అందని శిఖరమును కొలిచిన కోణము

నల్లబల్లమీద ఒక బిందువునుండి రెండు పొట్టి గీతలు గీసి, ప్రక్కనే మఱియొక బిందువునుండి అంతే యెడముగా విచ్చుకొను రెండు పొడవైన గీతలు గీసి, ఈ రెంటిలో ఏ కోణము పెద్దదని అడిగినచో, తరగతిలో సగముమంది రెండవదానినే చూపుదురు. అట్లు తోచుట సహజమే. అది బల్లమీద ఎక్కువ చోటు నాక్రమించినది గదా! కాని కోణముల విషయమున కన్ను మనలను మోసగించును. గీతల పొడవునకును కోణపు పరిమాణమునకును ఏ సంబంధమును లేదు. ఈ యొక్క సంగతి చక్కగా మనసునకు పట్టినచో, రేఖాగణితములో కోణములను గూర్చి చెప్పు తక్కిన విషయములు సులభముగా బోధపడును. అంతియే కాదు. నూఱుమైళ్లకు పైబడిన దూరమున నున్న ఒక మహాపర్వతము యొక్క ఎత్తును, దాని దరికైనను పోకుండ, మనుష్యు లెట్లు కొలువగలిగిరో కూడ తెలియును.

మూసియున్న తలుపును మెల్లగా తెఱచి చూడుడు. తలుపు అంచు గడపను విడిచి ప్రక్కకు తిరుగును. బందులున్న చోటు మాత్రము కదలదు. గడప ఒక గీత, తలుపు క్రింది అంచు రెండవ గీత, బందులున్న మూల వాని కలయిక. ఆ మూలను శీర్షమనియు, గీతలను భుజములనియు అందుము. తలుపు ఎంత తిరిగినదో అదియే కోణము. కోటద్వారపు తలుపు పది అడుగుల వెడల్పుండవచ్చును. పోపులపెట్టె మూత జానెడే యుండవచ్చును. రెండును సగము సగము తెఱచినచో రెంటి కోణమును ఒకటియే. కోటతలుపు చివర నిలిచినవాడు చాల దూరము నడువవలసి వచ్చును, నిజమే. కాని అది వాడు నడచిన దూరము గాని తలుపు తిరిగిన తిరుగుడు కాదు. కావున కోణమనగా రెండు గీతల నడుమనున్న చోటు కాదు. ఒక గీతనుండి మఱియొక గీతకు చేరుటకు తిరుగవలసిన తిరుగుడు.

తిరుగుడును కొలుచుటకు అన్నిటికంటె సహజమైన కొలత పూర్తి చుట్టు. ఉన్నచోటనే నిలిచి, ఒక్కసారి చుట్టు తిరిగి, మరల మొదట చూచిన దిక్కునకే వచ్చినచో ఒక చుట్టు పూర్తియైనది. ఈ చుట్టును 360 సమభాగములుగా చేసి, ఒక్కొక్క భాగమును డిగ్రీ అనుచున్నాము. ప్రాచీన బాబిలోనియా దేశీయులు మనవలె పదులతో గాక అరువదులతో లెక్కించెడివారు. అరువది లెక్కయే వృత్తములోనికి, గడియారములోనికి నేటివఱకును దిగివచ్చినది. 360 అను సంఖ్యకు మఱియొక సౌకర్యము కలదు. 2, 3, 4, 5, 6, 8, 9, 10, 12 మొదలుగా ఇరువదినాలుగు సంఖ్యలు దానిని శేషము లేకుండ భాగించును. నూఱుభాగములుగా చేసియుండినచో చుట్టులో మూడవవంతుకూడ పూర్ణసంఖ్యగా వచ్చియుండెడిది కాదు. మన జ్యోతిశ్శాస్త్రజ్ఞులును వృత్తమును 360 భాగలుగానే చేసిరి. ఒక భాగలో అరువది కలలు, ఒక కలలో అరువది వికలలు. ఈ లెక్కను బట్టి వృత్తమునకు 21,600 కలలు. క్రీ.శ. 476లో జన్మించిన ఆర్యభటుడు కోణములకు జ్యాపట్టికను కూర్చినపుడు 225 కలల కొకటి చొప్పున ఇరువదినాలుగు విలువల నిచ్చెను. కల, వికల అను మాటలు చిన్నవి, చక్కనివి. ఈ పాఠమున మనమును వానినే వాడుకొందము.

డిగ్రీ యెంత చిన్నదో కన్నులకు తెలియవలెనన్నచో పున్నమినాటి రాత్రి ఆరుబయట నిలిచి చేయి బారచాపి, చిటికెనవ్రేలిని చంద్రునికి అడ్డముగా పెట్టుడు. చంద్రుడు పూర్తిగా మఱుగుపడును. ఇంకను కొంత చోటు మిగులును. చాపిన చేతి చివర చిటికెనవ్రేలు సుమారు ఒక డిగ్రీ. చంద్రబింబము సుమారు అర డిగ్రీ మాత్రమే. బొమ్మలలో కొబ్బరాకుల నడుమ పళ్లెమంత చంద్రుని వ్రాయు చిత్రకారులకు ఈ లెక్కతో పనిలేదు గాని, ఆకసమును కొలుచువారికి కలదు. మఱియొక గుర్తు: ఏబదియేడు గజముల దూరమున నిలబెట్టిన గజముబద్ద మన కంటియొద్ద సుమారు ఒక డిగ్రీ కోణము చేయును. ఈ ఏబదియేడును మఱవకుడు. ముందు పని పడును.

కోణములలో మొదట చెప్పదగినది లంబకోణము. దీనినే పూర్వపు పుస్తకములలో సమకోణమనియు అనిరి. చుట్టులో నాల్గవవంతు, అనగా 90 డిగ్రీలు. కాని డిగ్రీలను గూర్చి ఏమియు చెప్పకుండగనే దీనిని నిర్వచింపవచ్చును. క్రీస్తుకు పూర్వము సుమారు 300 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున నున్న యూక్లిడ్ అను గణితవేత్త అట్లే చేసెను. ఒక గీతమీద మఱియొక గీత నిలిచినపుడు దానికి రెండు ప్రక్కల రెండు కోణములేర్పడును. ఆ రెండును సమానమైనచో ఒక్కొక్కటి లంబకోణము. గీత ఏ ప్రక్కకును ఒరగలేదని చెప్పుటయే ఇది. ఇంతకంటె చక్కని నిర్వచనము దొరకదు. దీనికి కొలబద్ద అక్కఱలేదు. రెండు ప్రక్కలను పోల్చిచూచిన చాలును.

తాపీమేస్త్రీ గోడ కట్టునపుడు దారమునకు కట్టిన ఇనుపగుండును వ్రేలాడదీసి చూచును. నిలుకడగా నున్న నీటి మట్టమునకు ఆ దారము లంబముగా నుండును. గోడ దారమునుండి ఏ మాత్రము తొలగినను మేస్త్రీ వెంటనే ఇటుకను సరిచేయును. ఎందుకనగా, ఈ తప్పు ఎత్తుతోబాటు పెరుగును. ఒక డిగ్రీ వంగిన గోడ మీ మోకాలియొద్ద కంటికి కనబడదు. ఏబదియేడు అడుగుల ఎత్తునకు పోవుసరికి అడుగు దూరము తొలగును. గోడమూలలను చూచుటకు మేస్త్రీకి మూలమట్టమున్నది. కాని పునాది పెద్దదైనపుడు చిన్న మూలమట్టము చాలదు. అప్పుడు త్రాటిని మూడు మూరలు, నాలుగు మూరలు, అయిదు మూరలుగా గుర్తుపెట్టి త్రిభుజముగా లాగిపట్టుదురు. మూడును నాలుగును కలియు మూల లంబకోణమగును. యజ్ఞవేదికలను నిర్మించుటకు మన పూర్వులు వ్రాసిన శుల్బసూత్రములలో ఇట్టి త్రాటి కొలతలే కలవు. శుల్బమనగా త్రాడే. దీర్ఘచతురస్రపు కర్ణముమీది చతురస్రము రెండు భుజములమీది చతురస్రముల మొత్తమునకు సమానమని బౌధాయన శుల్బసూత్రము స్పష్టముగా చెప్పుచున్నది.

లంబకోణమును గుర్తెఱిగినచో తక్కినవానికి పేర్లు పెట్టుట సులభము. దానికంటె తక్కువైనది అల్పకోణము. ఎక్కువై, సరళరేఖకు లోబడినది అధికకోణము. పెంకుటింటి వాసము గోడపై మట్టముతో చేయునది అల్పకోణము. పడకకుర్చీలో వీపు ఆనుకొను భాగము కూర్చుండు భాగముతో చేయునది అధికకోణము. లంబకోణమే అయినచో దానిలో ఎవరికిని నిద్ర రాదు. రెండు భుజములును ఎదురెదురుగా సాగి ఒకే గీతయైనపుడు 180 డిగ్రీల సరళకోణము. గీత సరళముగా నున్నపుడు ఇందులో కోణమెక్కడ ఉన్నదని కొందఱు అడుగుదురు. తిరుగుడును తలచుకొన్నచో సందేహము తీరును. ఎదుట చూచుచున్నవాడు వెనుకకు తిరిగినచో సగము చుట్టు తిరిగినట్లే గదా! అంతకును మించి, పూర్తిచుట్టునకు లోపల ఎంత తిరిగినను అది పరావర్తనకోణము. రెండు గీతలు గీసి లోపలి కోణమును మాత్రమే చూచుట మనకు వాడుక. వెలుపలినుండి చుట్టివచ్చు కోణము కూడ అక్కడనే యున్నది. లోపలిది 70 డిగ్రీలైనచో వెలుపలిది 290.

గడియారము ఈ కోణముల నన్నిటిని దినమునకు పలుమాఱులు చూపును. ఒంటిగంటకు ముండ్ల నడుమ 30 డిగ్రీలు, మూడుగంటలకు 90, ఆఱుగంటలకు 180. మూడున్నరకు ఎంత? తొందరపడి 90 అని చెప్పుదురు. పెద్దముల్లు ఆఱుమీద నున్నది. కాని చిన్నముల్లు మూడుమీద నిలిచిపోలేదు. అరగంటలో అది మూడునకును నాలుగునకును నడుమకు, అనగా 15 డిగ్రీలు ముందుకు జరిగినది. కావున వాని నడుమనున్నది 75 డిగ్రీలే. అది అల్పకోణము.

కోణములు జంటలుగా కూడ వచ్చును. రెండు కోణముల మొత్తము 90 అయినచో అవి పూరకకోణములు. 180 అయినచో సంపూరకకోణములు. కత్తెర విప్పినపుడు రెండు అలుగుల నడుమ నొక కోణమును, రెండు పిడుల నడుమ నొక కోణమును ఏర్పడును. ఇవి శీర్షాభిముఖ కోణములు. ఇవి ఎల్లప్పుడును సమానము. కొలిచి చూచి నమ్మనక్కఱలేదు. అలుగుల నడుమనున్న కోణమునకు దాని ప్రక్కకోణమును చేర్చినచో సరళరేఖ, అనగా 180. పిడుల నడుమనున్న కోణమునకు అదే ప్రక్కకోణమును చేర్చినను 180. ఒకే కోణమును చేర్చగా ఒకే మొత్తము వచ్చినది కావున మొదటి రెండును సమానము కాక తప్పదు. ఇది యూక్లిడ్ గ్రంథములో మొదటి భాగమున పదునైదవ సిద్ధాంతము. ప్రపంచములోని కత్తెరలన్నిటిని కొలుచుటకు ఎవరికిని ఆయుష్షు చాలదు. ఈ నాలుగు మాటలు అన్నిటికిని చాలును.

ఇక త్రిభుజమునకు వత్తము. కాగితముతో మీకు తోచిన త్రిభుజమును కత్తిరించి, దాని మూడు మూలలను చింపి, ఒకదాని ప్రక్క నొకటిగా శీర్షములు కలియునట్లు పెట్టుడు. మూడును కలిసి సరళరేఖయగును. ఎట్టి త్రిభుజమైనను దాని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలే. ఇందులో గొప్ప లాభమొకటి దాగియున్నది. రెండు కోణములు తెలిసినచో మూడవదానిని చూడకుండగనే చెప్పవచ్చును. మూడవ శీర్షము ఏటికి ఆవల నుండవచ్చును, కొండకొమ్మున నుండవచ్చును, ఆకసమున నుండవచ్చును. మనము అక్కడికి పోవలసిన పనిలేదు.

దీనిని మీ పాఠశాల ఆవరణములోనే పరీక్షింపవచ్చును. కోణమాని కేంద్రమున దారము కట్టి, దాని చివర చిన్న రాతిని వ్రేలాడదీయుడు. కోణమాని సరళమైన అంచును పైకి త్రిప్పి, ఆ అంచు వెంబడి తాటిచెట్టు మొవ్వను చూడుడు. సమముగా ఎదుటికి చూచినపుడు దారము 90మీద నిలుచును. చూపు పైకెత్తినకొలది దారము 90నుండి తొలగును. దారము 60మీద నున్నచో చూపు ఎత్తినది 30 డిగ్రీలు. ఈ రెండును పూరకకోణములు. ఇప్పుడు చెట్టునుండి వెనుకకు నడచుచు, దారము సరిగా 45మీద నిలుచు చోట ఆగుడు. అక్కడ మీ కన్ను, చెట్టు మొవ్వ, చెట్టుబోదెమీద మీ కంటి మట్టమునకు సరియైన చోటు - ఈ మూడును ఒక త్రిభుజము. అందులో ఒక కోణము 90, మఱియొకటి 45. కావున మూడవదియు 45. రెండు కోణములు సమానమైనచో వాని ఎదుటి భుజములును సమానము. చెట్టువఱకు నేలమీద ఎంత దూరమో, మీ కంటికి పైన చెట్టు అంత ఎత్తు. దానికి మీ కంటి ఎత్తును కలిపినచో చెట్టు మొత్తపు ఎత్తు వచ్చును. ఎవ్వరును చెట్టెక్కలేదు.

చెట్టు మొదటివఱకు నడుచుటకు వీలులేనపుడు ఏమి చేయవలెను? నడుమ ఏఱున్నదనుకొందము. అప్పుడు ఈవలి గట్టున నూఱు గజముల దూరమును జాగ్రత్తగా కొలిచి, దాని రెండు చివరలనుండి ఆవలి చెట్టును చూచి, రెండు కోణములను గుర్తింపవలెను. తరువాత కాగితముమీద నూఱు గజములకు బదులు పది సెంటీమీటర్ల గీత గీసి, దాని చివరలందు ఆ కోణములనే వేసినచో గీతలు రెండును ఒకచోట కలియును. అదియే చెట్టు. కాగితముమీద ఎన్ని సెంటీమీటర్లో చూచి పదితో హెచ్చించినచో ఏటికి ఆవలనున్న చెట్టు ఎన్ని గజముల దూరమో తేలును. ఏటిగట్టుమీది పెద్ద త్రిభుజమును కాగితముమీదికి తెచ్చినపుడు భుజములన్నియు తగ్గినవి. కోణములు మాత్రము తగ్గలేదు. కోణము భుజముల పొడవుపై ఆధారపడదని మొదట చెప్పుకొన్న మాటకు ప్రయోజనమిదియే. ఇట్లు ఒక్క భుజమును కొలిచి, తక్కినదంతయు కోణములచేత రాబట్టుటను త్రిభుజీకరణము అందురు.

ఈ పద్ధతితో ఒక దేశమునంతటిని కొలువబూనిన సాహసము మన దేశముననే జరిగినది. 1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు దాపున సెయింటు థామస్ మౌంటు అను కొండయొద్ద విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి మొదటి ఆధారరేఖను కొలువ నారంభించెను. దాని పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. నూఱడుగుల ఉక్కుగొలుసును సుమారు నాలుగువందలసారులు పఱచి కొలువవలసి వచ్చెను. ఎండకు ఉక్కు సాగును, చలికి కుదించుకొనును. అందుచే గొలుసు ప్రక్కన ఉష్ణమాపకములనుంచి, వేడిని చూచి లెక్క సరిదిద్దెడివారు. ఏడున్నర మైళ్లకు ఏబదియేడు దినములు పట్టినవి. ఇంత శ్రమ ఎందుకనగా, తరువాత రాబోవు వేలకొలది మైళ్లన్నియు ఈ యొక్క గీతనుండి పుట్టవలసినవి. తరువాత నేలమీద గొలుసుతో పని చాల తక్కువ. కొండనుండి కొండకు, గోపురమునుండి గోపురమునకు కోణములు కొలుచుచు, ఒక త్రిభుజపు భుజముమీద మఱియొక త్రిభుజమును నిలుపుచు, వారు ముందుకు సాగిరి. నడుమ నడుమ తప్పుల నరయుటకు మరల కొన్ని ఆధారరేఖలను కొలిచిరి. 1811లో గుత్తియొద్దను, 1815లో బీదరుయొద్దను అట్లు కొలిచినవే.

కోణములను కొలుచు పరికరము థియోడలైటు. దానిలో దూరదర్శినిని పడమటినుండి తూర్పునకు త్రిప్పుటకు అడ్డముగా ఒక చక్రమును, పైకి క్రిందికి త్రిప్పుటకు నిలువుగా ఒక చక్రమును ఉండును. చక్రములమీద డిగ్రీలు, కలలు చెక్కబడియుండును. లాంబ్టన్ వాడిన గొప్ప థియోడలైటు అడ్డచక్రము మూడడుగుల వెడల్పు; మొత్తము బరువు అర టన్ను. లండనులో చేయించిన ఆ పరికరము ఓడలో వచ్చుచుండగా, ఆంగ్లేయులతో యుద్ధము చేయుచున్న ఫ్రెంచివారు దానిని పట్టుకొని మారిషస్ దీవికి తీసికొనిపోయిరి. అది శాస్త్రపరిశోధనకైనదని తెలిసి మరల మర్యాదతో మద్రాసునకు పంపిరి. శత్రువులు పంపిన ఈ పరికరము 1808లో తంజావూరు దేవాలయపు గోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి గోడకు కొట్టుకొన్నది. చక్రము వంగిపోయినది. వంగిన చక్రమున డిగ్రీలు ఒకచోట విప్పారి, మఱియొకచోట ముడుచుకొనియుండును. అట్టి చక్రముతో కొలిచిన కోణములకు అర్థము లేదు. మఱియొకరైనచో దానిని విడిచివేసి, క్రొత్తదానికై లండనునకు వ్రాసి, రెండేండ్లు వేచియుందురు. లాంబ్టన్ తన గుడారములో కూర్చుండి, చక్రమును అంగుళమంగుళముగా సరిచేసి, ఆఱువారములలో మరల పనికి తెచ్చెను.

హైదరాబాదు రాజ్యమున పనిచేయుచుండగా 1818లో జార్జి ఎవరెస్టు అను యువకుడు లాంబ్టనుకు సహాయకుడుగా చేరెను. కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులలో వానకాలము పని సాగించినప్పుడు చలిజ్వరము అతనిని, అతని పరివారమును పడగొట్టెను. కొందఱు తిరిగి లేవలేదు. అతడు కోలుకొనుటకై 1820లో ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొనకు పోవలసి వచ్చెను. లాంబ్టన్ మాత్రము ఉత్తరముగా సాగుచునే, 1823 జనవరిలో నేటి మహారాష్ట్రములోని హింగన్‌ఘాటున మరణించెను. ఎత్తయిన కొమ్మలమీద జెండాలు పట్టుకొని నిలిచినవారు, రాత్రులు దీపములు వెలిగించి దూరపు కొండలమీద కావలియున్నవారు, పరికరములను మోసినవారు వేలమంది. వారి పేర్లు ఏ పటమునందును లేవు.

ఇంత పెద్ద త్రిభుజములు వేసినపుడు ఒక వింత బయలుపడును. కాగితముమీద మూడు కోణముల మొత్తము సరిగా 180. భూమిమీద పెద్ద త్రిభుజములలో అది కొంచెము ఎక్కువగును. భూమి బల్లపఱుపు కాదు గదా! సుమారు రెండువందల చదరపు కిలోమీటర్ల త్రిభుజమునకు ఒక వికల చొప్పున మొత్తము పెరుగును. కొలతగాండ్రు ఈ పెరుగుదలను ముందే లెక్కగట్టి, అది పోగా ఇంకను తేడా మిగిలినచో తమ చూపులో తప్పున్నదని గ్రహించి మరల కొలిచెడివారు.

త్రిభుజముల వరుస కడకు హిమాలయముల పాదమునకు చేరెను. నేపాళ రాజ్యములోనికి కొలతగాండ్రకు ప్రవేశము లేదు. అందుచే 1849, 1850 సంవత్సరములలో జేమ్సు నికల్సన్ అను ఉద్యోగి మైదానమునుండియే, అనేక స్థానములనుండి, దూరమున కనబడు ఒక శిఖరమును థియోడలైటుతో చూచి కోణములు వ్రాసికొనెను. దానికి అప్పటికి పేరు లేదు. పదునైదవ శిఖరమని మాత్రము లెక్కలో వ్రాసిరి. ఆ స్థానములు శిఖరమునకు సుమారు 110 మైళ్ల, అనగా దాదాపు 177 కిలోమీటర్ల దూరమున నున్నవి. అంత దూరమునుండి చూచినపుడు ప్రపంచములో నెల్ల ఎత్తయిన ఆ పర్వతము క్షితిజరేఖకు పైగా లేచినది సుమారు రెండు డిగ్రీలు మాత్రమే. చేయి బారచాపి రెండు చిటికెనవ్రేళ్లను ఒకదానిపై నొకటి పెట్టినంత!

ఇప్పుడు ఆ ఏబదియేడును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 57 గజములకు ఒక గజమైనచో, 177 కిలోమీటర్లకు ఒక డిగ్రీ అనగా మూడు కిలోమీటర్లకు పైమాట. ఒక కల తప్పినచో ఎత్తులో 51 మీటర్ల తప్పు. ఒక వికల తప్పినచో మీటరుకు కొంచెము తక్కువ. ఇంతటితో కాలేదు. భూమి గుండ్రముగా నుండుటచే అంత దూరమున పర్వతపు అడుగుభాగము రెండు కిలోమీటర్లకు పైగా మఱుగుపడును. దానిని తిరిగి కలుపవలెను. వెలుగు గాలిలో నేరుగా రాక వంగి వచ్చును. అందుచే శిఖరము ఉన్నదానికంటె ఎత్తుగా కనబడును. దానిని తీసివేయవలెను. గాలి వేడినిబట్టి ఈ వంకర మాఱుచుండును. చూచినవాడు ఒక కోణమును వ్రాసి ఇచ్చును. దానినుండి ఎత్తును రాబట్టుట వేఱొక విద్య.

ఆ విద్యలో ఆఱితేరినవాడు రాధానాథ సిక్దర్ అను వంగదేశీయుడు. 1813లో పుట్టి, కలకత్తా హిందూ కళాశాలలో చదివి, 1831లో సర్వే శాఖలో గణకుడుగా చేరి, క్రమముగా ముఖ్యగణకుడయ్యెను. 1852 ప్రాంతమున ఆయన పర్యవేక్షణలో సాగిన లెక్కలలో పదునైదవ శిఖరము తెలిసిన వానిలో అన్నిటికంటె ఎత్తయినదని తేలెను. ఆ లెక్కలను పలుమాఱులు సరిచూచి, సర్వే శాఖాధిపతి ఆండ్రూ వా 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించెను. పేరు మాత్రము అప్పటికే పదవి విడిచి ఇంగ్లండునకు పోయిన జార్జి ఎవరెస్టునకు దక్కెను. 1865లో అది స్థిరపడెను. అంతేకాదు. 1851లో వెలువడిన సర్వే గ్రంథమున కొన్ని భాగములు సిక్దర్ కృషియేనని పీఠికలో కృతజ్ఞతతో వ్రాసిరి. ఆయన 1870లో మరణించిన తరువాత, 1875లో వచ్చిన మూడవ ముద్రణమున ఆ మాటను తీసివేసిరి. ఇది న్యాయము కాదని ఆనాడే కొందఱు ఆంగ్లేయులు పత్రికలలో వ్రాసిరి. కోణమును దొంగిలించుటకు వీలులేదు గాని, కొలిచినవాని పేరును తుడిచివేయుటకు ఒక అచ్చుపుట చాలును.

తరువాత శిఖరముపైకి మనుష్యులెక్కిరి. పరికరములను పైకి మోసికొనిపోయిరి. కృత్రిమోపగ్రహముల సాయముతో కొలిచిరి. 2020 డిసెంబరులో నేపాళ, చైనా ప్రభుత్వములు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. మైదానమునుండి చూచి కట్టిన 29,002 అడుగులు సుమారు 8,840 మీటర్లు. తేడా తొమ్మిది మీటర్లు. అందులో గాలి వలని వంకరకును భాగమున్నది. అంతయు కోణములోని తప్పే యనుకొన్నను, అంత దూరమున తొమ్మిది మీటర్లనగా సుమారు పది వికలలు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల నాణెమును అర కిలోమీటరు దూరమున నిలబెట్టి చూచినపుడు అది మన కంటియొద్ద చేయు కోణము అంతే యుండును.